రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు: చేరేముందు ఖర్చు, రాబడి లెక్క ఎలా వేసుకోవాలి

ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో ఫీజు చూసి తేల్చేస్తారు. ఈ లెక్కలో ఫీజు చిన్న అంకె. ఆ రెండేళ్లూ మీరు వదులుకునే కూలీ ఎంత, చేతికొచ్చిన సర్టిఫికెట్‌ను మీరు ఎక్కడ వాడబోతున్నారు, వర్క్‌షాపులో మీ చేతులకు నిజంగా ఎంత పని దొరుకుతుంది అన్న మూడు ప్రశ్నలే ఈ చదువు లాభమో నష్టమో తేలుస్తాయి. కింది వరుసలో ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. ఒక పూట పడుతుంది.

మొదటి పని: సర్టిఫికెట్ ఎక్కడ అడుగుతారో రాసుకోండి

ఇళ్లకు వైరింగ్ మాత్రమే చేసుకుంటాం అనుకునేవాళ్లకు రెండేళ్ల ఐటీఐ తప్పనిసరి కాదు. స్లాబ్‌లో పైపులు వేయడం, గోడకు గాడి కొట్టడం, బోర్డులు బిగించడం మంచి మేస్త్రీ దగ్గర మూడేళ్లు హెల్పర్‌గా ఉంటే వస్తుంది. ఇంటి యజమాని ఎవరూ మీ మార్కుల జాబితా అడగరు. ఐటీఐ పనికొచ్చేది సర్టిఫికెట్ లేకపోతే లోపలికే రానివ్వని చోట్ల. అవి ఇవి:

విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగం. పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మ్యాన్, లేదా ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు తీసుకున్న ఎనర్జీ అసిస్టెంట్లకూ ఇదే అర్హత. వాళ్లకు మొదటి రెండేళ్లు నెలకు 15,000 ఇచ్చారు.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ గ్రేడ్ 3. రెండూ కేంద్ర వేతన స్థాయిల్లో లెవెల్ 2, మూల వేతనం 19,900. శ్రీహరికోట లాంటి ఇస్రో కేంద్రాల్లో టెక్నీషియన్ బి అయితే లెవెల్ 3, మూల వేతనం 21,700.

పెద్ద ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్. గల్ఫ్‌లో కంపెనీ వీసా మీద ఎలక్ట్రీషియన్. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మ్యాన్, సూపర్‌వైజర్ పర్మిట్లు. పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరడం.

వీటిలో కనీసం రెండు మీవి అనిపించాలి. ఒక్కదాన్నే నమ్ముకుని చేరకండి, ముఖ్యంగా ఆ ఒక్కటి ప్రభుత్వ ఉద్యోగమైతే. అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్ 2018లో వచ్చాక మళ్లీ 2024 జనవరి దాకా పడలేదు. 2018 చివర్లో ఐటీఐలో చేరిన కుర్రాడు కోర్సు ముగించి మూడేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. తెలంగాణలో 2022లో జరిగిన జూనియర్ లైన్‌మన్ పరీక్ష అక్రమాల వల్ల రద్దయి, 2023లో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. అందుకే కింద వేసే లెక్కలో ప్రభుత్వ జీతం కలపకండి. వస్తే అది అదనం. అది లేకుండా కూడా లెక్క నిలబడాలి.

రెండో పని: కళ్లు చూపించుకోండి

ఇది కొద్ది డబ్బుతో అయ్యే పని, చాలామంది రెండేళ్లు చదివాక చేస్తారు. కంటి డాక్టర్ దగ్గర రంగు చుక్కల మధ్య అంకెలు చదివే పరీక్ష చేయించుకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే ఫేజ్ వైరు, ఎర్త్ వైరు తేడా తెలియనట్టే. ఈ పనిలో అది ప్రాణం మీదికి వస్తుంది. లోకో పైలట్ కావాలనుకునేవాళ్లకు కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లలో 6/6 చూపు ఉండాలి, లేసర్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు. లైన్‌మన్‌కు స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. ఎత్తు అంటే కళ్లు తిరిగేవాళ్లు ఆ దారి కొట్టేసి ఫ్యాక్టరీ దారి రాసుకోవచ్చు. ఆడపిల్లలకు ఇది కుదరదు అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. తెలంగాణలో హైకోర్టు ఆదేశంతో మహిళలు స్తంభం ఎక్కి చూపించి మరీ లైన్‌మన్ ఉద్యోగంలో చేరారు.

మూడో పని: చేతి నుంచి పోయే డబ్బు కూడండి

ఇక్కడ ఒక నమూనా. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి.

ప్రైవేటు ఐటీఐ ఫీజు ఏడాదికి 20,000 అనుకుంటే రెండేళ్లకు 40,000. బస్సు, మధ్యాహ్నం తిండి నెలకు 1,500 చొప్పున 22 నెలలకు 33,000. యూనిఫాం, బూట్లు, డ్రాయింగ్ సామాను, పుస్తకాలు, సొంత టూల్స్ 8,000. పరీక్ష ఫీజులు, సర్టిఫికెట్ల తిరుగుళ్లు 2,000. మొత్తం 83,000. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం కాబట్టి అదే లెక్క 45,000 దగ్గర ఆగుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ముందే తీసేయకండి. తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ద్వారా ఐటీఐకీ ఉపకార వేతనం ఉంది. కానీ ప్రభుత్వం డబ్బు విడుదల చేసేలోపు మీ కోర్సు అయిపోవచ్చు. అప్పుడు కాలేజీ సర్టిఫికెట్లు ఆపి ముందు ఫీజు కట్టమంటుంది. కాబట్టి ఫీజు మొత్తం మీరే కడుతున్నట్టు లెక్క వేయండి. చేరేరోజు "రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగి, రసీదు మీద రాయించుకోండి.

టూల్స్ దగ్గర పిసినారితనం వద్దు. ఇన్సులేషన్ ఉన్న కాంబినేషన్ ప్లయర్, నోస్ ప్లయర్, సైడ్ కట్టర్, నాలుగు సైజుల స్క్రూడ్రైవర్లు, వైర్ స్ట్రిప్పర్, లైన్ టెస్టర్, మంచి మల్టీమీటర్. వీటితో రెండేళ్లు గడుస్తుంది. వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ జీతం వచ్చాక కొనుక్కోవచ్చు. చవక మల్టీమీటర్‌లో లోపల సరైన ఫ్యూజు ఉండదు. ప్రోబు ఆంపియర్ సాకెట్లో మర్చిపోయి 415 వోల్టుల మీద పెడితే మీటరు చేతిలో పేలుతుంది.

నాలుగో పని: వదులుకునే కూలీ కలపండి

లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎందుకంటే ఈ డబ్బు జేబులోంచి పోయినట్టు కనిపించదు. హెల్పర్ కూలీ రోజుకు 500, నెలకు 22 రోజులు పని అనుకుందాం. నెలకు 11,000, రెండేళ్లకు 2,64,000. ఫీజుకు ఆరు రెట్ల పైమాటే.

అయితే ఇది మీ వయసును బట్టి మారుతుంది. పదో తరగతి రాసి వెంటనే వచ్చే 16 ఏళ్ల పిల్లాడిని ఏ మంచి కంపెనీ 18 నిండేదాకా తీసుకోదు. బయట పనికి వెళ్లినా పూర్తి కూలీ రాదు, వెళ్లకుండా ఉండటమే మంచిది కూడా. వాడికి ఈ గడి దగ్గర సున్నా వేయొచ్చు. ఇంటర్ మధ్యలో వదిలి రెండేళ్లుగా పనికి వెళ్తున్న 20 ఏళ్ల కుర్రాడికి మాత్రం పూర్తి అంకె పడుతుంది. ఐటీఐ అయ్యాక కంపెనీలో స్టైపెండ్ మీద పని నేర్చుకునే ఏడాదిని అప్రెంటిస్ అంటారు, ఆ ఏడాది తేడా కూడా దాని మీద కలపాలి. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్ నెలకు 7,000. 11,000 కూలీతో పోలిస్తే నెలకు 4,000 తక్కువ, ఏడాదికి 48,000.

ఐదో పని: ఎన్నేళ్లలో తిరిగొస్తుందో చూడండి

ఐటీఐ, అప్రెంటిస్ రెండూ అయ్యాక హెల్పర్ కంటే నెలకు ఎంత ఎక్కువ వస్తుందో రాయండి. దీనికి ఎవరి మాటా వద్దు. మీకు దగ్గర్లోని పారిశ్రామికవాడకు వెళ్లి, షిఫ్టు వదిలే సమయంలో గేటు దగ్గర ఐదుగురు మెయింటెనెన్స్ వాళ్లను అడగండి. పటాన్‌చెరు, జీడిమెట్ల, శ్రీసిటీ, అచ్యుతాపురం, ఏదైనా సరే. చేతికొచ్చే జీతం, కంపెనీ రోలా కాంట్రాక్టా, ఎన్నేళ్ల అనుభవం అనే మూడే అడగండి.

తేడా నెలకు 4,000 అని తేలిందనుకుందాం, ఏడాదికి 48,000. పదహారేళ్లవాడు ప్రైవేటు ఐటీఐలో పెట్టిన 83,000 రెండేళ్లలోపే తిరిగొస్తుంది. ఇరవై ఏళ్లవాడికి 83,000, 2,64,000, 48,000 కలిపి 3,95,000 అవుతుంది. తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. తేడా 8,000 ఉంటే నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు ఆ హెల్పర్ కూడా పని నేర్చుకుని కూలీ పెంచుకుంటాడు, కాబట్టి తేడా తగ్గుతూ పోతుంది. ఇరవై దాటినవాళ్లు చేరకూడదని దీనర్థం కాదు. వాళ్లు కాంట్రాక్టు ఉద్యోగం కోసం చేరితే నష్టం. పర్మిట్, డిప్లొమా, గల్ఫ్ లాంటి పెద్ద తేడా వచ్చే దారి ఉంటేనే చేరాలి.

వాళ్లకు ఇంకో దారి కూడా ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. ఐటీఐ లేకుండానే పదో తరగతి మీద ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఫ్రెషర్ అప్రెంటిస్‌గా చేరొచ్చు. చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ఇలా ఫ్రెషర్లను తీసుకుంటూ వచ్చింది. ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. సీట్లు మాత్రం తక్కువ.

మూడేళ్ల డిప్లొమాతో పోల్చి చూసేవాళ్లకు ఒక్క మాట. పాలిసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, లెక్కలు అంటే భయం లేకపోతే ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్) డిప్లొమాకే వెళ్లండి. లెక్కలు కష్టం, చేతిపని ఇష్టం అనుకుంటే ఐటీఐ. తర్వాత మనసు మారితే ఐటీఐ నుంచి డిప్లొమా రెండో ఏడాదికి, అక్కడి నుంచి ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదికి దారి తెరిచే ఉంటుంది. దానికి ఐటీఐలో మార్కులు బాగుండాలి, ఊరికే పాసైతే సరిపోదు.

ఆరో పని: కాలేజీని వర్క్‌షాపులో నిలబడి అంచనా వేయండి

ముందు కాగితాలు. ప్రతి ఐటీఐకీ ఒక కోడ్ ఉంటుంది. ప్రభుత్వానిదైతే జీఆర్ అని, ప్రైవేటుదైతే పీఆర్ అని మొదలవుతుంది. ఆ కోడ్‌తో కేంద్ర పోర్టల్‌లో వెతికి ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కే ఎన్‌సీవీటీ (జాతీయ స్థాయి) గుర్తింపు ఉందా, ఎన్ని యూనిట్లకు ఉందో చూడండి. యూనిట్ అంటే 20 మంది బ్యాచ్. రెండు యూనిట్లకు గుర్తింపు ఉండి తరగతిలో 60 మంది కూర్చుంటే మిగిలిన 20 మందికి పరీక్ష సమయంలో హాల్ టికెట్ రాదు. కాలేజీకి గుర్తింపు ఉంది కదా అని ఆగిపోకండి. ఫిట్టర్‌కు ఉండి ఎలక్ట్రీషియన్‌కు లేని చోట్లు ఉంటాయి. తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. వాటి కొత్త కోర్సులు వేరు, పాత ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వేరు. దరఖాస్తులో ఏది ఎంచుకుంటున్నారో పేరు చూసి మరీ ఎంచుకోండి.

తర్వాత వర్క్‌షాపు. ఇప్పటి సిలబస్‌లో ఏడాదికి 1,200 గంటల శిక్షణ ఉంటే అందులో 840 గంటలు ప్రాక్టికలే. మీరు డబ్బు, వయసు పెడుతున్నది ఆ 840 గంటల కోసం. అవి దొరకని చోట ఫీజు సగానికి తగ్గించినా దండగే.

లోపలికి వెళ్లి మోటార్ల మీద దుమ్ము చూడండి. టెర్మినల్ బాక్స్ మూత స్క్రూలు తుప్పు పట్టి ఉంటే ఆ మోటారును ఏడాదిగా ఎవరూ విప్పలేదన్నమాట. వాడుతున్న మోటారు స్క్రూల తలలు అరిగి, మెరుస్తూ ఉంటాయి. వైరింగ్ బోర్డుల మీద పాత మేకుల రంధ్రాలు, కొత్త క్లిప్పులు కలిసి కనిపించాలి. చెత్తబుట్టలో తెగిన వైరు ముక్కలు ఉండాలి. వైండింగ్ బల్ల మీద సగం చుట్టిన స్టేటర్ (మోటారులో తిరగని భాగం) ఒకటైనా ఉండాలి. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ అడిగి చూడండి. బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్‌తో సహా తీస్తే విషయం అర్థమైపోతుంది.

ఇప్పుడు రెండో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి, పెద్ద మోటారును తక్కువ కరెంటుతో స్టార్ట్ చేసే స్టార్-డెల్టా స్టార్టర్ గురించి అడగండి. మోటారు నుంచి ఆరు వైర్లు వస్తాయి, మూడు వైండింగులకు రెండేసి చివరలు. డెల్టాలో యు1కు డబ్ల్యు2, వి1కు యు2, డబ్ల్యు1కు వి2 కలవాలి. స్టార్ కాంటాక్టర్, డెల్టా కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) ఒకేసారి ఆన్ అయితే ఏమవుతుంది? మూడు ఫేజులూ నేరుగా షార్ట్ అవుతాయి, అందుకే ఒకటి ఆన్‌లో ఉంటే రెండోది పడకుండా ఇంటర్‌లాక్ పెడతారు. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఎంతకు పెట్టాలి? రిలే మోటారు వైండింగ్‌తో వరుసలో (సిరీస్‌లో) ఉంటే పూర్తి కరెంటు కాదు, అందులో 58 శాతం. 10 హెచ్‌పీ మోటారు ప్లేటు మీద 14.5 ఆంపియర్లు ఉంటే రిలే 8.4 దగ్గర పెట్టాలి. తెలియక 14.5కే పెట్టినవాడి మోటారు ఓవర్‌లోడ్‌లో కాలిపోతుంది, రిలే మాత్రం కదలదు. ఆ విద్యార్థి నోటితో చెప్పలేకపోయినా ఫర్వాలేదు, చాలామంది పిల్లలు మాటల్లో చెప్పలేరు. వైర్లు చేతికిచ్చి కలపమంటే కలపగలగాలి. కలిపితే ఆ కాలేజీలో చేరండి, ఫీజు 5,000 ఎక్కువైనా సరే.

"రోజూ రావాల్సిన పనిలేదు, హాజరు మేం చూసుకుంటాం" అన్న కాలేజీ గేటు నుంచే వెనక్కి తిరగండి. పరీక్షకు 80 శాతం హాజరు కావాలన్నది నిబంధన. వాళ్లు కాగితం మీద వేసేది హాజరు మాత్రమే. స్టార్టర్ ఎలా కలపాలో మీ చేతులకు ఎవరూ కాగితం మీద నేర్పలేరు.

ఏడో పని: మొదటి రోజే పేరు సరిచూసుకోండి

పదో తరగతి మెమోలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా అన్న చిన్న తేడాకే అప్రెంటిస్ దరఖాస్తు ఆగిపోతుంది. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించడం నెలల పని. చేరకముందు ఆధార్ కేంద్రంలో దిద్దించుకోవడం ఒక పూట పని.

ఎనిమిదో పని: అప్రెంటిస్ ఏడాదిని వదలకండి

ఐటీఐ పాసై నేరుగా 12,000 జీతానికి కాంట్రాక్టర్ దగ్గర చేరిపోవడం చాలామంది చేసే పొరపాటు. 7,000 స్టైపెండ్ తక్కువగా కనిపిస్తుంది. కానీ ఏడాది చివర్లో పరీక్ష రాస్తే వచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చాలా నోటిఫికేషన్లలో అర్హతగా ఉంటుంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్ 1 ఖాళీల్లో 20 శాతం కేటాయింపు ఉంది.

దక్షిణ మధ్య రైల్వేలో అప్రెంటిస్ ఎంపికకు రాత పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూస్తారు. వయసు 15 నుంచి 24. విశాఖ నేవల్ డాక్‌యార్డులో పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం ఉండి రాత పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కూడా ఐటీఐ వాళ్లను తీసుకుంటుంది. ఈ మార్కుల హద్దులు ముందే తెలిస్తే మొదటి ఏడాది పరీక్షను తేలిగ్గా తీసుకోరు.

ప్రైవేటు కంపెనీలో చేరేటప్పుడు అప్రెంటిస్ పోర్టల్‌లో మీ పేరున కాంట్రాక్టు నమోదైందా చూడండి. నంబరు లేకపోతే మీరు అప్రెంటిస్ కాదు, తక్కువ జీతానికి దొరికిన హెల్పర్. ఏడాది అయ్యాక పరీక్షా ఉండదు, సర్టిఫికెట్టూ రాదు.

ఉద్యోగం చెప్పినప్పుడు, గల్ఫ్ అన్నప్పుడు

"జీతం 16,000" అంటే స్థూల జీతమా, కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చా అని అడగండి. స్థూలమైతే పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 120 పోను చేతికి 14,000 చిల్లర. కంపెనీ ఖర్చు అయితే వాళ్లు కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా అందులోంచే తీస్తారు, చేతికి 12,000 దగ్గర ఆగుతుంది. పీఎఫ్, ఈఎస్ఐ లేకుండా 15,000 చేతికిస్తామంటే ఆశపడకండి. ఈ పనిలో షాకు, కాలిన గాయాలు మామూలు. ఆసుపత్రి ఖర్చు భరించేది ఈఎస్ఐ కార్డే.

గల్ఫ్‌కు మూడేళ్ల ఫ్యాక్టరీ అనుభవం తర్వాతే వెళ్లండి. ఇంటర్వ్యూలో ప్యానెల్ బోర్డు ముందు నిలబెట్టి ట్రేడ్ టెస్ట్ పెడతారు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. లక్షన్నర అడిగాడంటే మీ ఐటీఐ ఖర్చుకు దాదాపు రెట్టింపు ఒక్క దెబ్బకు పోతుంది, పైన వేసిన లెక్కంతా తలకిందులవుతుంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది, అంటే ప్రభుత్వ అనుమతి తనిఖీ ఉండదు. కాబట్టి ఒప్పందంలో పోస్టు పేరు ఎలక్ట్రీషియన్ అని ఉందా, హెల్పర్ అని ఉందా మీరే చూసుకోవాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు. ముందు వాటిలో నమోదు చేసుకోండి.

ఊళ్లోనే ఉండి సొంతంగా చేసుకోవాలనుకుంటే వైర్‌మ్యాన్ పర్మిట్, కొన్నేళ్ల తర్వాత సూపర్‌వైజర్ పర్మిట్ వైపు వెళ్లండి. అపార్ట్‌మెంట్లు, రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీల కనెక్షన్‌కు లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్టు కావాలి, ఆ కాంట్రాక్టర్‌కు పర్మిట్ ఉన్న మనిషి కావాలి. ఇంటి పైకప్పు సోలార్‌కు 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉండటంతో డీసీ వైపు కేబుల్, ఎర్తింగ్, ఇన్వర్టర్ సరిగ్గా కలపగలిగినవాళ్లకు పని ఉంది. సోలార్ ప్యానెల్ ఎండ ఉన్నంతసేపు ఆగదు, మెయిన్ ఆఫ్ చేసినా డీసీ వైరులో వోల్టేజీ ఉంటుంది. డీసీ ఐసోలేటర్ (డీసీ వైపు స్విచ్) ఆఫ్ చేసి, మీటరు పెట్టి చూశాకే చేయి వేయాలి.